పద్నాలుగో నంబరు బిళ్ళ

పోయిన వారం కల్లూరులో కొత్తగా కడుతున్న ఒక ఇంటి మెట్లకు బండలు వేస్తున్నాం. కోత మిషను అప్పుడే ఆగింది. తడిసిన నాపరాతి వాసన, వేడెక్కిన బ్లేడు వాసన కలిసి మెట్లన్నిటినీ కమ్ముకున్నాయి. మా పనివాడు కొత్తగా కూర్చోబెట్టిన బండ మీద తాపీ పిడితో మూడు చోట్ల తట్టాడు. మూడో చోట డొల్లగా మోగింది. కింద సిమెంటు మాలు సరిగా నిండలేదన్నమాట. పైనుంచి చూస్తే ఏ లోపమూ కనపడదు. రసమట్టం పెట్టినా బుడగ నడిమధ్యలోనే నిలుస్తుంది. అయినా నేను లేపమన్నాను. "ఏంటికన్నా? బాగానే కూచునింది గదా. డొల్ల ఉండేది ఒగ మూల్లోనే, ఎవురు తొక్కుతారు ఆడ?" అన్నాడు వాడు. "నువ్వు లేపప్పా ముందు" అని కసిరాను. ఆ డొల్ల శబ్దాన్ని వినడం నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చాడు. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందుగా కలిగేది సిగ్గే. గౌరవం, ప్రేమ అన్నీ దాని వెనకే వస్తాయి.

ఆయన్ని అబూ సలీం అనేవాళ్ళం. సలీం వాళ్ళ నాయన అని అర్థం. పెద్ద కొడుకు పేరుతో తండ్రిని పిలవడం వాళ్ళ ఆచారం. అసలు పేరు ఏమిటో నాకు చాలా కాలం తెలియదు. పాలస్తీనావాడు, అరవైకి దగ్గర పడినవాడు, రాతి పని మేస్త్రి. నేను ఆయన దగ్గర ఇజ్రాయెల్‌లో పది నెలలు పని చేశాను. నేను బి.ఏ. చదివి, ఉద్యోగం దొరక్క, బనగానపల్లె పక్క గనుల నుంచి వచ్చే నాపరాళ్ళను కర్నూలు ఇళ్ళలో పరుచుకుంటూ బతికినవాణ్ణి. ఆ దేశానికి కట్టుబడి పనివాళ్ళు కావాలని, పరీక్ష పెట్టి తీసుకుంటున్నారని తెలిసినప్పుడు పోయి, వాళ్ళ ముందు నాలుగు బండలు పరిచి చూపించి నెగ్గాను. ఉన్నట్టుండి అంతమంది ఎందుకు కావలసి వచ్చారని నేను అడగలేదు. నాతో వచ్చినవాళ్ళూ అడగలేదు. యుద్ధం మొదలయ్యాక, ఆ దేశం పాలస్తీనా ఊళ్ళకు అడ్డంగా కట్టిన గోడకు అవతలి నుంచి రోజూ వచ్చే పాలస్తీనా పనివాళ్ళకు అనుమతులు తీసేశారని, మేము పోయింది వాళ్ళు ఖాళీ చేసిన చోట్లలోకేనని అక్కడికి పోయిన వారానికే అర్థమైంది. అర్థమైనా అన్నం సహించింది. నిద్రా పట్టింది.

మా సైటులో ఇరవై మంది పాతవాళ్ళు మాత్రం మిగిలారు. ఒక కొండవాలు మీద కడుతున్న పెద్ద భవనానికి లోపలా బయటా రాతి మెట్లు. ఆ పని తెలిసినవాళ్ళు దొరక్క, కంపెనీ పట్టుబట్టి ఉత్తరాలు రాసి వాళ్ళ అనుమతులు నిలబెట్టుకుంది. అబూ సలీం అందులో ఒకడు. ఆయన ఇల్లు సైటుకు ఎనిమిది కిలోమీటర్లు. మా కోడుమూరు నుంచి కర్నూలుకు పోయే దూరంలో నాలుగో వంతు కూడా ఉండదు. అయినా తెల్లవారుజామున మూడున్నరకు ఇంట్లో బయలుదేరితే గానీ ఏడు గంటలకు సైటు గేటు దగ్గరికి చేరేవాడు కాదు. మధ్యలో గోడ, గోడలో తనిఖీ గేటు. మేము సైటు పక్కనే రేకుల గదుల్లో ఆరున్నరదాకా పడుకుని, పళ్ళు తోముకుంటూ వచ్చేవాళ్ళం.

మొదటి రోజు ఆయన నా పని చూశాడు. నేను ఉత్సాహంగా తొమ్మిది బండలు పరిచాను. ఒక్కొక్కదాని మీదా వంగి, తాపీ పిడితో తట్టి, చెవి పెట్టి విని, ఆరింటిని లేపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేనేండ్ల నుంచి మేస్త్రిగా ఉన్నవాణ్ణి, నాకు పని రాదని అందరి ముందూ నోటితో అనకుండానే అన్నాడు. ఆయనకు హిందీ రాదు, నాకు అరబ్బీ రాదు. కానీ మా కోడుమూరులో నాకు పని నేర్పింది ఒక సాయిబు మేస్త్రి. ఆయన ఇంటి ఉర్దూ మాటలు నాకు బాగా వచ్చు. వక్త్, సబర్, జవాబ్, కుర్సీ, సాబూన్ అంటే అబూ సలీంకు కూడా అర్థమయ్యేవి. ఆ మాటలకు చేతి సైగలు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలుపుకుని పది నెలలు మాట్లాడుకున్నాం. ఆయన చెప్పింది నేను మా ఊరి మాటల్లోకి మార్చుకుని వినేవాణ్ణి. ఇప్పటికీ ఆయన గొంతు నా చెవుల్లో కోడుమూరు తెలుగులోనే వినిపిస్తుంది. ఇక్కడ కూడా అట్లే రాస్తాను, నాకు వేరే దారి లేదు.

"రాయికి నువ్వేం చెప్తావో అది నమ్ముతాది" అన్నాడు ఆ రోజు, లేపిన బండ అడుగున మాలు అంటని చోటు చూపిస్తూ. "కింద ఖాళీ పెట్టి, నిండుగా ఉండాదని చెప్పినావు. అది నమ్మి కూచునింది. రేపు ఒగ ముసలామె మూట ఎత్తుకోని ఈ మూల మీద కాలు పెడ్తాది. అప్పుడు విరుగుతాది. నువ్వు యాడుంటావు అప్పుడు?" నన్ను ఆయన పేరు పెట్టి పిలిచేవాడు కాదు. 'హిందీ' అనేవాడు. హిందూదేశంవాడు అని. మొదట్లో అది కూడా నాకు నచ్చేది కాదు.

కోపం ఎంతో కాలం నిలవలేదు. రోజూ రెండు రొట్టెలు ఎక్కువ తెచ్చేవాడు, ఆలివు నూనె, ఎండబెట్టిన ఏదో ఆకుపొడి, ఉల్లిగడ్డ. పది గంటలకు నా ముందు పరిచి "తిను" అనేవాడు. అంతకు మించిన పిలుపు లేదు. ఆయన ప్యాంటుకు బెల్టు ఉండేది కాదు. మేము బండలకు వరస చూసుకునే నైలాను దారంతో నడుం దగ్గర కట్టుకునేవాడు. ఒకనాడు నవ్వాపుకోలేక అడిగాను, బెల్టు కొనుక్కోవచ్చు గదా అని. "బెల్టు ఉంటే ఆడ గేటుకాడ మిషను మోగుతాది. విప్పల్ల. విప్పినంతసేపు నా యెనక రెండు వందల మంది నిలబడల్ల" అన్నాడు. ఇనుప ముక్కున్న పని బూట్లు కూడా సైటులోనే వదిలిపోయేవాడు. పనిముట్లు గేటు దాటనివ్వరు కాబట్టి తాపీ, సుత్తి, మట్టం అన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి సాయంత్రం నాకు అప్పగించేవాడు. ఆ పెట్టె నా మంచం కింద ఉండేది. అంతమందిలో నన్నే నమ్మాడని లోపల మురిసిపోయేవాణ్ణి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్ని రోజులు ఏ గొడవో జరిగి ఆ గేటు మొత్తం మూసేసేవాళ్ళు. పొద్దున్నే మా గదుల్లో "గేటు మూసినారంట" అని మాట పాకేది. ఆ రోజు మాకు అదనపు గంటలు దొరికేవి. మా గదిలో కడప పక్క నుంచి వచ్చిన ఓబులేసు ఉండేవాడు, మంచివాడు, నవ్వించేవాడు. "ఇంగ మూసినా మూయకపోయినా మనకు మేలేలే అన్నా, వాళ్ళు వస్తే పని నేర్పిస్తారు, రాకపోతే ఓటీ నేర్పిస్తాది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేను కూడా నవ్వాను. ఆ రోజుల్లో అబూ సలీం ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంటాడన్న ఆలోచనే రాలేదు నాకు.

శనివారం మాకు సెలవు. ఒక శనివారం తన ఇంటికి భోజనానికి రమ్మన్నాడు. అటువైపు పోవడానికి పెద్ద తనిఖీ లేదు. బస్సు దిగే చోటికి ఆయన ఎదురొచ్చాడు, ఇద్దరం గోడ వెంబడి నడిచి పోయాం. రాతి ఇల్లు, ముందు రెండు ఆలివు చెట్లు. ఆయన భార్య రొట్టె మీద ఉల్లిగడ్డలు పరిచి, దాని మీద కోడిమాంసం పెట్టి కాల్చి తెచ్చింది. పెద్ద కొడుకు సలీం టీ పోశాడు. ముప్పై ఏండ్లుంటాయి, తండ్రి చేతులే వాడికీ వచ్చాయి, వెడల్పుగా, వేళ్ళ చివర్లు అరిగి. మర్యాదకని నువ్వేం పని చేస్తుంటావని అడిగాను. సలీం తండ్రి వైపు చూశాడు. "నా పనే, బండల పని. ఆ సైటులోనే నాతో పాటు చేస్తాండె. యుద్ధం వచ్చినాక వానికి కాగితం ఆపినారు" అన్నాడు అబూ సలీం, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ. ఆ మెట్ల మీద ఆయన పక్కన నేను కూర్చునే చోటు వాడిది. వాడికి నేర్పిన పనినే మళ్ళీ మొదటి నుంచి నాకు నేర్పుతున్నాడు. సలీం నాకు ఇంకో గ్లాసు టీ పోశాడు. వాడు ఒక్క మాట అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం తెల్లవారకముందే ఆయనతో బయలుదేరాను. ఆ గేటు నేను చూడటం అదే మొదలు. పశువుల దొడ్డికి పోయే దారిలాగా రెండు వైపులా ఇనుప కమ్మీలు, పైన రేకు. ఒకరి వీపుకు ఒకరి రొమ్ము తగిలేంత ఒత్తుగా వందల మంది మొగవాళ్ళు. ముందెక్కడో ఇనుప చక్రం లాంటి గేటు, ఒకరు పోగానే టక్కున బిగుసుకుపోతుంది. పచ్చ దీపం వెలిగినప్పుడు ముగ్గురో నలుగురో పోతారు. తర్వాత ఎందుకో తెలియదు, ఎంతసేపో తెలియదు, ఆగిపోతుంది. ఎవరూ అరవలేదు. దగ్గులు, చెప్పుల శబ్దం, అప్పుడప్పుడు ఎవరో దేవుణ్ణి తలుచుకోవడం, అంతే. అబూ సలీం నా ముందు నిలబడి, అప్పుడప్పుడు వెనక్కి తిరిగి "సబర్", ఓర్చుకో, అనేవాడు.

గంట గడిచాక కమ్మీల అవతల నడుస్తున్న ఒక సైనికుడు నా మొహం మీద లైటు వేశాడు. "ఇండియా?" అన్నాడు. తల ఊపి పాస్‌పోర్టు చూపించాను. పక్కన ఒక చిన్న గేటు తీసి రమ్మని చెయ్యి ఊపాడు. నేను అబూ సలీం మొహం చూశాను. "పో" అన్నాడు. "పొయ్యి మేనేజరుకు చెప్పు, నేను వరసలో ఉండానని." నేను పోయాను. రెండు నిమిషాల్లో అవతల పడ్డాను. నిజం చెప్పాలంటే, ఆ రెండు నిమిషాలూ నాకు గుళ్ళో ప్రత్యేక దర్శనానికి పోయేవాడి గర్వం కలిగింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మా సైటు గేటు దగ్గర ఒక చెక్క పలక, దాని మీద వరసగా మేకులు. పక్కన పెట్టెలో నంబర్లున్న రేకు బిళ్ళలు. వచ్చినవాడు తన బిళ్ళ తీసి తన మేకుకు తగిలించాలి. ఏడు గంటలకు మేనేజరు వచ్చి పలక చూస్తాడు. తగలని బిళ్ళ ఉంటే ఆ మనిషి ఆ రోజుకు లేనట్టే. తర్వాత వస్తే వెనక్కి పంపేస్తాడు. మేనేజరు చెడ్డవాడేమీ కాదు, నియమం తప్పనివాడు. అబూ సలీం వరసలో ఉన్నాడు, నేను కళ్ళారా చూశానని ఆ పొద్దు చెప్పాను. పలక వైపు వేలు చూపించి, తనకు కనపడేది ఇదొక్కటేనన్నాడు. అబూ సలీం ఏడు గంటల ఇరవై నిమిషాలకు వచ్చాడు. గేటు బయట రాయి మీద కూర్చుని, సంచిలోంచి రొట్టె తీసి సగం తిని, మళ్ళీ అదే దారిన వెనక్కి పోయాడు. నేను రెండో అంతస్తులోంచి చూస్తూ నిలబడ్డాను.

మరుసటి రోజు ఆయనకు చెప్పాను, ఇకమీదట నువ్వు లేటయితే నీ బిళ్ళ నేను తగిలిస్తానని. ఇది నాకు కొత్త పని కాదు. ఊళ్ళో చెరువు పూడిక తీసే పనులకు కొన్నాళ్ళు కూలీల హాజరు మస్టరు రాశాను. పలుగూ పారా ఎత్తుకుని దూరం నుంచి నడిచి వచ్చే ముసలమ్మ కోసం పక్కనామె "మా చిన్నమ్మ వస్తాండాది, ఏసుకోప్పా" అంటే వేసుకునేవాణ్ణి. వేసుకోనివాణ్ణి మా దగ్గర మనిషి అనరు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు, మంచితనం అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. అబూ సలీం మాత్రం చేస్తున్న పని ఆపి, నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు హిందీ. నేను గేటుకాడ ఉంటే గేటుకాడ ఉన్నట్టే. ఒగ మనిషి రెండు తావుల కనపడితే, వాళ్ళు రెండు తావుల నుంచీ తీసేస్తారు. నా ఆలస్యం నాకుండనీ" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఊరికే తల ఊపాను.

అది జరిగిన నెలన్నరకు ముందు ద్వారం మెట్లు చివరి వరసకు వచ్చాయి. ఆ భవనం యజమానులు తొమ్మిదింటికి చూడటానికి వస్తున్నారు. ఏడుకు ఐదు నిమిషాలుంది, అబూ సలీం రాలేదు. ఆయన లేని రోజు మెట్ల పని ఆపి నన్ను నేలమాళిగలోకి ఇసుక బస్తాలు మోయడానికి పంపేవాళ్ళు. ముందు వారం రెండు రోజులు మోసి నడుం పట్టేసింది. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది, ఆయన కోసమే చేశానని. ఆయన కోసం కొంత, నా నడుం కోసం కొంత. ఏది ఎంతో నన్ను అడగకండి. పెట్టెలోంచి ఆయన పద్నాలుగో నంబరు బిళ్ళ తీసి పద్నాలుగో మేకుకు తగిలించాను. ఓబులేసు చూసి నవ్వాడు. "ఏడ్నుంచి ఏడికొచ్చినా మన బుద్ధి పోలేదన్నా" అన్నాడు. నేనూ నవ్వి మెట్ల దగ్గరికి పోయాను.

ఏడూ నలభైకి మేనేజరు ఫోను మోగింది. ఆయన గేటు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు, నేను పది అడుగుల దూరంలో కూర్చున్నాను. అప్పటికి నాకు వాళ్ళ హీబ్రూ భాషలో అంకెలు, ఉన్నాడు లేడు లాంటి చిన్న మాటలు వచ్చు. ఆయన పలక వైపు తిరిగి, పద్నాలుగు అన్నాడు, ఇక్కడున్నాడు అన్నాడు. మళ్ళీ ఇంకోసారి, గట్టిగా, ఇక్కడే ఉన్నాడు అన్నాడు. ఎవరు ఫోను చేశారో ఆ క్షణమే నాకు తట్టింది. ఆ పొద్దు ఎందుకో తనిఖీ గేటులో ఆయన కార్డు మీద అనుమానం వచ్చింది. నేను ఫలానా సైటు మేస్త్రినని ఆయన చెప్పుకుంటే, నిజమేనా అని కంపెనీకి ఫోను చేశారు. మా మనిషి ఇక్కడే పనిలో ఉన్నాడని కంపెనీ చెప్పింది. మరి గేటు దగ్గర ఆ కార్డు పట్టుకుని నిలబడినవాడు ఎవడు? లేచి పది అడుగులు నడిచి, ఆ బిళ్ళ తగిలించింది నేనే, అక్కడున్నది ఆయనేనని చెబితే అప్పుడే సరిపోయేది. నేను రబ్బరు సుత్తి తీసుకుని బండను కొట్టడం మొదలుపెట్టాను. మేనేజరు ఫోను పెట్టేసేదాకా కొడుతూనే ఉన్నాను.

ఆయన్ని మధ్యాహ్నందాకా ఎండలో నిలబెట్టి, కార్డు లాక్కుని, ఇంటికి పంపేశారు. పన్నెండింటికి మేనేజరు ఆయన్ని వెతికి, కనపడక, మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు. మాలో ఆ భాష నేర్చుకున్న ఒక పంజాబీ మేస్త్రి తర్జుమా చేశాడు. ఈ బిళ్ళ ఎవరు తగిలించారు? ఇది ఎన్నాళ్ళుగా జరుగుతోంది? ఓబులేసు నా మణికట్టు పట్టుకుని, పెదవులు కదపకుండా "నోరెత్తొద్దన్నా. ఎత్తితే రేపు నువ్వు కర్నూలులో ఉంటావు. ఆయప్పకు ఎట్లాగూ పని పోయింది, నువ్వు పోయి ఏం తెస్తావు?" అన్నాడు. తప్పు వాడి మీద నెట్టడానికి రాయడం లేదు. వాడు పట్టుకోకపోయినా నేను నోరెత్తేవాణ్ణి కాదు. ఎవరూ మాట్లాడకపోయేసరికి మేనేజరు తనకు తోచింది నిర్ణయించుకున్నాడు. అబూ సలీం ఎవరితోనో మాట్లాడుకుని రోజూ ఇట్లా చేయిస్తున్నాడని. కంపెనీ తన ఉత్తరం వెనక్కి తీసుకుంది. దాంతో ఆయన అనుమతి పోయింది. ఆ ఇంట్లో అప్పటిదాకా పనికి పోతున్నది ఆయన ఒక్కడే.

ఆ మెట్లు నేను పూర్తి చేశాను. ప్రతి బండనూ తట్టి, విని, డొల్ల లేకుండా చేశాను. మేనేజరు భుజం తట్టి నన్నే ఆ జట్టుకు మేస్త్రిని చేశాడు. వద్దనలేదు. నా మంచం కింద ఉన్న రేకు పెట్టెను మాత్రం ఉంచుకోలేకపోయాను. పనిముట్లు కడిగి, నూనె రాసి, అటువైపు తిరిగే ఇసుక లారీ డ్రైవరుకు ఇచ్చి పంపాను. రెండు రోజులకు ఆయనే ఫోను చేశాడు. "పెట్టె చేరింది. తాపీ బాగా కడిగినావు" అన్నాడు. నేను ఆగలేక అడిగాను, గేటు దగ్గర నిన్ను ఏమడిగారని. "నీ పేరు మీద సైటులో ఉండేది ఎవురు అని అడిగినారు. నాకు తెల్దు అంటి" అన్నాడు. "నిజంగా తెలీదా?" అన్నాను. మెల్లగా "నువ్వు చెప్పు" అన్నాడు. సిగ్నలు సరిగా లేదని చెప్పి ఫోను పెట్టేశాను. సిగ్నలు బాగానే ఉంది.

నాలుగు నెలల తర్వాత నాయనకు ఒంట్లో బాగాలేక నేను కోడుమూరుకు తిరిగి వచ్చేశాను. వచ్చాక ధైర్యం చేసి ఫోను చేశాను. బిళ్ళ సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు, పరవాలేదని కూడా అనలేదు. "ఇప్పుడు నువ్వు నీ ఇంటికాడ ఉండావు" అన్నాడు. "నిన్నెవురూ ఏమీ చేసేకి లేదు. ఒగ కాగితం రాయి. అబూ సలీంకు చెప్పకుండా, ఆయప్ప వద్దన్నా ఇనకుండా నేనే తగిలిస్తి అని రాసి మేనేజరుకు పంపు. దాన్ని పట్టుకోని వకీలు మళ్ళీ అడుగుతాడు. శానా మందికి దోవే లేదు, నాకు ఆ ఒగ దోవ ఉండాది." రేపే రాస్తానన్నాను. ఆ వారమే మా తమ్ముడు అదే పరీక్షకు పోయి నెగ్గాడు. వాడికి వచ్చింది కూడా అదే కంపెనీ. అన్న ఇట్లాంటివాడని తెలిస్తే తమ్ముణ్ణి తీసుకుంటారా? వాడి వీసా వచ్చాక రాద్దాంలే అనుకున్నాను. వీసా రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో అబూ సలీం రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ నేను ఎత్తలేదు.

తమ్ముడు విమానం ఎక్కిన మూడో రోజు కాగితం రాశాను. ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక కుర్రాడి చేత దిద్దించి, మేనేజరుకు పంపి, అబూ సలీంకు ఫోను చేశాను. నా గొంతులో కాస్త గర్వం కూడా ఉండి ఉంటుంది. ఆయన "చదువు" అన్నాడు. మాకు కలిసే మాటల్లోకి మార్చి ఒక్కొక్క వాక్యం చదివి వినిపించాను. పద్నాలుగో నంబరు బిళ్ళను ఒక పనివాడు పొరపాటున తగిలించాడని, ఆ సంగతి అబూ సలీంకు తెలియదని, ఆయన నిజాయితీ గల మేస్త్రి అని, ఆయన మీద దయ చూపమని. ఆయన చివరిదాకా విన్నాడు. వెనకాల ఎవరో, సలీమే అనుకుంటా, ఏదో అడిగాడు.

"నీ పేరు యాడ?" అన్నాడు.

తమ్ముడు అక్కడ ఉన్నాడని చెబితే ఆయనకు అర్థమయ్యేదే. తనవాళ్ళ కోసం మనిషి ఏం చేస్తాడో ఆయనకంటే తెలిసినవాడెవరు? అయినా నోరు రాలేదు. ఆయన సలాం చెప్పి పెట్టేశాడు. మళ్ళీ ఫోను చేయలేదు. పేరు లేని ఆ కాగితానికి జవాబు కూడా రాలేదు. తమ్ముడు ఇప్పుడు ఆ కొండ మీదే ఇంకో భవనంలో పని చేస్తున్నాడు. బండలు బాగా పరుస్తున్నాడని, అన్న పేరు నిలబెట్టాడని అక్కడ అంటున్నారట. కర్నూలులో నన్ను కూడా మంచి మేస్త్రి అంటారు. నా పనిలో డొల్ల ఉండదని చెప్పి పిలిపించుకుంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా తల దించుకుని మట్టం సర్దుకుంటాను. వాళ్ళు వినయం అనుకుంటారు.

నా పేరు మద్దిలేటి. మాది కోడుమూరు. ఆ పద్నాలుగో నంబరు బిళ్ళను తగిలించింది నేను. అబూ సలీం వద్దన్నాడు, అయినా తగిలించాను, అడిగినప్పుడు చెప్పలేదు. తమ్ముడు తిరిగి వచ్చేదాకా ఈ నాలుగు మాటలు నేను తెలుగులో మాత్రమే రాయగలను. వీటిని చదవాల్సినవాళ్ళలో తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు. అది తెలిసే రాస్తున్నాను.